ఎల్‌నినో తనంతట తానే ఎందుకు ఆగుతుంది?

ప్రశ్న: ఎల్‌నినోలో, అంటే తూర్పు పసిఫిక్ నీళ్లు మామూలుకంటే వేడెక్కినప్పుడు, వేడి వేడినే పెంచుతుందని చదివాను. మరి సముద్రం అలాగే వేడెక్కుతూ పోకుండా మళ్లీ లానినా, అంటే అవే నీళ్లు మామూలుకంటే చల్లబడే దశ, ఎలా వస్తుంది?

జవాబు: నేనూ చాలాకాలం ఇక్కడే ఇరుక్కుపోయాను. చివరికి తొట్టిలో నీళ్లు పోసి, ఒక పక్కనుంచి హెయిర్ డ్రయ్యర్‌తో ఊదుతూ కూర్చున్నాను. నీళ్లు అవతలి అంచుకు పోగుపడ్డాయి. డ్రయ్యర్ ఆపగానే వెనక్కి కొట్టుకొచ్చాయి.

పసిఫిక్‌లో ఆ ఊదే పని తూర్పు నుంచి వీచే గాలులది. వెచ్చటి నీటిని ఇండోనేషియా వైపు నెడతాయి. అక్కడ సముద్రమట్టం ఈక్వడార్ దగ్గరికంటే దాదాపు అర మీటరు ఎత్తు. గాలి తగ్గితే వెచ్చదనం తూర్పుకు జారుతుంది, దాంతో రెండు వైపుల మధ్య వేడి తేడా తగ్గి గాలి ఇంకా తగ్గుతుంది. ఈ గొలుసును 1969లో వాతావరణ శాస్త్రవేత్త బ్యెర్క్‌నెస్ వివరించాడు. మీరు చదివింది ఇదే.

అసలు కిటుకు ఆలస్యంలో ఉంది. గాలి తగ్గినప్పుడే నీటి లోపల రెండు రకాల అలలు బయలుదేరతాయి. తూర్పుకు వెళ్లే కెల్విన్ అల సుమారు రెండు నెలల్లో దక్షిణ అమెరికా చేరి, అక్కడి వెచ్చటి పొరను మందం చేస్తుంది. పడమటికి వెళ్లే రాస్బీ అల మహా నింపాది. ఆసియా అంచుకు తగిలి తిరిగొచ్చేసరికి నెలలు పడుతుంది, వస్తూ చల్లటి నీటిని పైకి తెస్తుంది. ఈలోగా భూమధ్యరేఖ దగ్గరి వెచ్చటి నీళ్లు ఉత్తర దక్షిణాలకు ఖాళీ అవుతాయి. ఎల్‌నినో ముగిసిన 1998 మే, జూన్‌లలో తూర్పు పసిఫిక్ కొద్ది వారాల్లోనే చల్లబడిపోయింది.

అయితే ఇది గడియారం కాదు. ఎల్‌నినో రెండు నుంచి ఏడేళ్లకోసారి వస్తుందంటారు, ఎప్పుడో కచ్చితంగా చెప్పలేరు. గాలి చేసే అల్లరి అలాంటిది.