ఘాత సమీకరణాలు రాకపోతే ఆక్చువరీ ఆశ వదులుకోవాలా?

ప్రశ్న: బీజగణితంలో మిగతా అధ్యాయాలన్నీ బాగానే చేస్తాను. ఘాత సమీకరణాల (తెలియని సంఖ్య ఘాతంలో ఉండే సమీకరణాల) దగ్గరికి వచ్చేసరికి చేయి ఆడదు. నేను తప్పు చేసిన ఒక లెక్కను జతపరుస్తున్నాను. ఆక్చువరీ (బీమా, పింఛన్లలో నష్టభయాన్ని లెక్కగట్టే వృత్తి) గానీ డేటా సైన్స్ గానీ చదవాలని ఉంది. గణితం మానేసి వేరే కోర్సు చూసుకోవడం మేలా?
– ఒక విద్యార్థి

జవాబు: ఒక్క అధ్యాయం కోసం ఇష్టమైన వృత్తిని వదులుకోకండి. అలాగని ఈ అధ్యాయాన్ని దాటవేయడానికీ వీల్లేదు. మీరు అనుకుంటున్న రెండు రంగాల్లోనూ దీనితో పని పడుతుంది.

మీరు పంపిన లెక్క ఇది: 4^ఎక్స్ − 2^ఎక్స్ − 6 = 0. మొదటి రెండు పదాలను కలిపేసి 2^ఎక్స్ అని రాశారు. అలా ఆధారాలను (ఘాతం వేసే సంఖ్యలను, ఇక్కడ 4లోంచి 2ను) తీసివేసే సూత్రం ఏదీ లేదు. ఎక్స్‌కు బదులు 2 వేసి చూడండి. 16లోంచి 4 పోతే 12 వస్తుంది, 4 రాదు. సమీకరణం రూపాన్ని గమనించకముందే పెన్ను కదిలించడం వల్ల జరిగిన పొరపాటు ఇది. 4 అంటే 2 వర్గం కదా, కాబట్టి 4^ఎక్స్ అంటే 2^ఎక్స్‌కు వర్గం. 2^ఎక్స్‌ను ‘టి’ అనుకుంటే మిగిలేది టి వర్గం − టి − 6 = 0. మీకు బాగా వచ్చిన వర్గ సమీకరణమే! టి విలువలు 3, −2. ధన సంఖ్యకు ఏ వాస్తవ ఘాతం వేసినా రుణ సంఖ్య రాదు కనుక −2ను కొట్టివేయాలి. ఇక 2^ఎక్స్ = 3. ఇక్కడ ఆధారాలు కలవవు, సంవర్గమానం (లాగ్, అంటే ఆధారానికి ఎంత ఘాతం వేస్తే ఆ సంఖ్య వస్తుందో చెప్పేది) తీసుకోవలసిందే. లాగ్ 3ను లాగ్ 2తో భాగిస్తే ఎక్స్ సుమారు 1.585.

లాగ్ పేరు వింటేనే బెదిరిపోయే విద్యార్థులను చూస్తే నాకు బాధగా ఉంటుంది. 1614లో జాన్ నేపియర్ సంవర్గమానాలను ప్రచురించింది లెక్కల శ్రమ తగ్గించడానికే.

వృత్తి విషయానికి వద్దాం. ఏటా 8 శాతం చక్రవడ్డీ మీద సొమ్ము ఎన్నేళ్లకు రెట్టింపవుతుంది? ఆక్చువరీ చదువు మొదలయ్యేది ఇలాంటి ప్రశ్నలతోనే. 1.08^ఎన్ = 2 అని రాసి లాగ్ తీసుకుంటే సుమారు 9 ఏళ్లని తేలుతుంది. డేటా సైన్స్‌లో మొదట్లోనే నేర్పే లాజిస్టిక్ రిగ్రెషన్ (అవునా కాదా అన్న ఫలితానికి సంభావ్యతను అంచనా వేసే పద్ధతి) ఘాత ప్రమేయం మీదే నిలబడింది. ఔషధ శాస్త్రంలోనూ అంతే: అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే సమయం) 6 గంటలున్న మందు ఒంట్లో పదో వంతుకు తగ్గడానికి సుమారు 20 గంటలు పడుతుంది. గుణకార భాగహారాలు కంప్యూటర్ చేసిపెడుతుంది. సమీకరణం రాయడం, −2 ఎందుకు పనికిరాదో చెప్పడం మనిషి చేయవలసిన పని.

కొన్నాళ్లు ఇలా చేయండి. లెక్కలు సాధించకుండా, ఒక్కోదాని పక్కన దారి మాత్రం రాయండి: ఆధారాలు ఒకటి చేయవచ్చా, ‘టి’ అనుకోవచ్చా, లాగ్ కావాలా అని. ఆ తర్వాతే సాధించి, జవాబును మొదటి సమీకరణంలో వేసి సరిచూసుకోండి. అప్పటికీ ఇవి విసుగు పుట్టిస్తే ఆక్చువరీ గురించి మరోసారి ఆలోచించండి. అక్కడ పరీక్షలు ఏళ్ల తరబడి సాగుతాయి, గణితం వెంట ఉంటూనే ఉంటుంది. విసుగు లేకపోతే మాత్రం, మిగతా బీజగణితం వచ్చిన మీరు నిస్సంకోచంగా దరఖాస్తు చేయండి.