ఊరి యుద్ధ స్మారక శిల మీద అంకెలే ఉంటే, ఆ మనుషుల పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

మీ ఊళ్లో పంచాయతీ గోడకున్న పాలరాతి ఫలకం మీద ‘1914–1919’ అని, ఎంతమంది యుద్ధానికి వెళ్లారో, ఎందరు చనిపోయారో మాత్రమే ఉందన్నారు. వాళ్లెవరో తెలుసుకోవడం ఎలా అని అడిగారు. భీమిలి వైపు మా అమ్మమ్మగారి ఊళ్లోనూ అలాంటి రాయే ఉంది. ఆ పేర్ల కోసం తిరిగినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. అన్నీ కాకపోయినా, చనిపోయినవాళ్ల పేర్లు దొరికే అవకాశం బాగానే ఉంది.

అది మొదటి ప్రపంచ యుద్ధం. కాల్పులు ఆగింది 1918 నవంబరు 11న. జర్మనీతో శాంతి ఒప్పందం, అంటే వెర్సాయ్ సంధి మీద సంతకాలు 1919 జూన్‌లో జరిగాయి. అందుకే రాయి మీద 1919 అని ఉంటుంది. మనుషుల్ని పంపిన ఊళ్లలో బ్రిటిష్ ప్రభుత్వం ఇలాంటి ఫలకాలు పెట్టించింది. మన వైపు ఊళ్లవాళ్లు చాలామంది మెసపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్ వెళ్లారు. మా ఊళ్లో ఒక పెద్దావిడ ‘మా పెదతాత బస్రా ఎల్లిపోయి మరి రాలేదట బాబూ’ అన్నారు. ఆ ఇంట్లో ఆయన గురించి మిగిలింది ఆ ఒక్క మాటే.

నన్ను బాగా బాధపెట్టిన సంగతి ఇంకోటుంది. ఇరాక్‌లోని ఆ బస్రాలో, యుద్ధంలో పోయిన 40,000 మందికి పైగా గుర్తుగా కట్టిన స్మారకం మీద కూడా మన మామూలు సిపాయిల పేర్లు చెక్కలేదు. ఏ దళంలో ఎంతమంది పోయారో అంకె వేసి వదిలేశారు. ఊళ్లోనూ అంకే, అక్కడా అంకే. ప్రాణం పోయాక కూడా పేరుకు నోచుకోలేదు.

అయితే రిజిస్టర్లలో పేర్లున్నాయి. యుద్ధాల్లో చనిపోయినవాళ్ల సమాధులు, రికార్డులు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో వాటిని ఉచితంగా వెతకొచ్చు. సిపాయిలే కాదు, దళాల వెంట వెళ్లిన కూలీలు, వంటవాళ్లు కూడా అందులో ఉంటారు. చాలా ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కనిపిస్తాయి. ఇప్పటి స్పెల్లింగులతో మాత్రం వెతక్కండి. వైజాగపటం (Vizagapatam), బిమ్లిపటం (Bimlipatam) అని ఆనాటి ఇంగ్లీషులో రాసిన పద్ధతిలో కొట్టండి. మీది శ్రీకాకుళం వైపు ఊరైతే గంజాం జిల్లా కింద చూడండి, అప్పట్లో అది అందులోనే ఉండేది. ఊరి పేరు ఎలా వినబడితే అలా రాసుకున్నారు కాబట్టి నాలుగైదు రకాలుగా ప్రయత్నించాలి.

తిరిగొచ్చినవాళ్ల సంగతే కష్టం. ఇళ్లలో పాత ట్రంకుపెట్టెలు తీయించండి. మాకు ఒక ఇంట్లో, యుద్ధానికి వెళ్లినవాళ్లకు ఇచ్చిన కంచు పతకం దొరికింది. అందరూ ముందున్న రాజు బొమ్మ చూసి పక్కన పెట్టేస్తారు, కానీ అసలు విషయం అంచు మీద ఉంటుంది. దాన్ని ఎండకు పక్కవాటుగా తిప్పి భూతద్దంతో చూస్తే నంబరు, పేరు, దళం సన్నటి అక్షరాల్లో కనిపించాయి. వెండి పతకాలైతే కరిగించేసిన ఇళ్లే ఎక్కువ, ఏం చేస్తాం.

ఫలకాన్ని మాత్రం యాసిడ్‌తో కడగనివ్వకండి, పెయింటూ వేయనివ్వకండి. మంచినీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. సాయంత్రం చీకటి పడ్డాక పక్కనుంచి టార్చి వేసి ఫొటో తీయండి, అరిగిన అక్షరాలు నీడతో లేచి కనిపిస్తాయి. పేర్లు దొరికాక పాత రాయి మీద చెక్కించకుండా, పక్కన కొత్త పలక పెట్టించమని పంచాయతీని అడగండి. మేమూ అదే అడుగుతున్నాం.