వాట్సాప్ బ్యాకప్: మనమే తీయాలా, దానంతటదే జరుగుతుందా?

ఆండ్రాయిడ్ ఫోను మార్చబోతున్నాను, వాట్సాప్ చాట్‌లు పోకుండా ఎలా అని అడిగారు. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ తెరిచి బ్యాకప్ మీట నొక్కితే అప్పటికప్పుడు కాపీ మీ గూగుల్ ఖాతాకు చేరుతుంది. రోజూనా, వారానికా, నెలకా అన్నది కూడా అక్కడే ఎంచుకోవచ్చు. రోజూ పెట్టుకోవడమే నయం. వీడియోలు మాత్రం వదిలేయండి. పండగ శుభాకాంక్షల వీడియోలు దాచి ఎవరికి లాభం? పైగా 2024 నుంచి ఈ బ్యాకప్ కూడా గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కకు వస్తోంది. అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది.

ఇది కాక, రోజూ తెల్లవారుజామున 2 గంటలకు ఫోనులోనే ఒక కాపీ తయారవుతుంది. ఫోను పోతే అదీ పోతుంది కనుక దాన్నే నమ్ముకోకండి.

బ్యాకప్‌ను ఇతరులు చదవలేకుండా తాళం వేసే ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఎక్కడైనా రాసి ఉంచండి, మరిచిపోతే వాట్సాప్ వాళ్లు కూడా తెరిచి ఇవ్వలేరు.

ఫోను మార్చే రోజున మాత్రం షెడ్యూలుకు వదలకుండా మీరే బ్యాకప్ నొక్కి, చివరి బ్యాకప్ సమయం సరిచూసుకున్నాకే పాత ఫోను రీసెట్ చేయండి. కొత్త ఫోనులో అదే నంబరు, అదే గూగుల్ ఖాతా ఉండాలి.