రాసిపెట్టే బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలి?

ప్రశ్న: టీచర్‌గారూ, నమస్తే. మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం పూట ఒక బల్ల వేసి అర్జీలు, దరఖాస్తులు ఉచితంగా రాసిపెట్టాలని కొందరం అనుకుంటున్నాం. పింఛన్ల కోసం, పాస్‌బుక్కుల కోసం తిరిగేవాళ్ళు మా దగ్గర ఎక్కువ. ఈ పనికి ఎలాంటివాళ్ళు కావాలి? రిటైరైన ఉద్యోగులైతే మంచిదా?
– ఒక పాఠకురాలు, జనగామ జిల్లా

జవాబు: చాలా మంచి పని తలపెట్టారమ్మా. రిటైరైన ఉద్యోగి ఒకరుంటే ఏ కాగితం ఏ ఆఫీసుకు పోవాలో చెప్తారు. అయితే వచ్చినవాళ్ళకు ఎదురుగా కూర్చోవాల్సింది మాత్రం ఓపికగా వినే మనిషి. చేతిరాత, భాష ఆ తర్వాతి సంగతి.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు నేను రాత్రి బడిలో చదువు చెప్పాను. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన సంగతి వాచకంలో పాఠంగా వచ్చింది. దాన్ని చదివిన ఊళ్ళలో ఆడవాళ్ళు ఊరుకోలేదు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ రోజుల్లో మా బడిలో కూడా అర్జీ రాయడానికి కూర్చున్నాం. ఒకామె "కూలి డబ్బు ఇంటికొచ్చేలోపే సారా కొట్టోడి చేతిలో పడతా ఉంది" అంది. ఆ మాట ఉన్నదున్నట్టు రాశాను. 'మద్యపాన వ్యసనము వలన కుటుంబ ఆర్థిక పరిస్థితి క్షీణించుచున్నది' అని ఉంటే, చదివి వినిపించినప్పుడు అది తన గోడేనని ఆమె ఎలా గుర్తుపడుతుంది? తన మాటే కాగితం మీద విన్నాక ఆమె "మళ్ళీ చదువమ్మా" అంది. అప్పటినుంచి నాకు ఇదే పద్ధతి. అర్జీ ఎవరిదో వాళ్ళ మాటే అందులో ఉండాలి.

మీ దగ్గరికి వచ్చేవాళ్ళు అసలు సంగతి ముందుగా చెప్పరు. ఈ మధ్య ఒకామె వితంతు పింఛను కోసం మా బల్ల దగ్గరికి వచ్చి, కూతురి పెళ్ళి నుంచి మొదలుపెట్టింది. మా కుర్రవాడు "విషయం చెప్పమ్మా" అనబోతే ఆగమన్నాను. పెళ్ళి శుభలేఖలో తండ్రి పేరు ఎలా వేశారో చెప్తూ, మరణ ధ్రువీకరణ పత్రంలో ఇంకోలా పడిందని తనే చెప్పింది. ఆధార్‌లో ఒక పేరు, ఆ పత్రంలో ఇంకో పేరు. దరఖాస్తు ఆగింది అక్కడే. ముందు ఆ పేరు సరిచేయమని అర్జీ పెట్టించాం, పింఛను సంగతి తర్వాత. తొందరపెట్టి ఉంటే, తిరిగొచ్చిన కాగితాన్నే మళ్ళీ రాసి పంపేవాళ్ళం.

ఇక రాయడం అంటారా, ఒక పేజీ చాలు. ఏం జరిగింది, ఎప్పుడు, ఏం కావాలి. 'దివ్య సముఖమునకు', 'నమస్కరించి వ్రాయు విన్నపము ఏమనగా' లాంటివి లేకపోయినా ఏ ఆఫీసరూ అర్జీ తిప్పి పంపకూడదు. సర్వే నంబరు, పాత అర్జీ తేదీ లేకపోతే మాత్రం పని ఆగుతుంది. రాశాక గట్టిగా చదివి వినిపించండి. మార్చమన్నది మార్చాకే సంతకమో, వేలిముద్రో. వేలిముద్ర అయితే పక్కన 'చదివి వినిపించాను' అని రాసినవాళ్ళు తమ పేరు పెట్టాలి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోమని, సోమవారం ప్రజావాణిలో ఇస్తే రసీదు తీసుకోమని చెప్పి పంపండి.

ఇంకొక్క మాట, ఇది గట్టిగా చెప్తున్నాను. రాసిపెట్టే మనిషికి ఊరి అప్పులు, జబ్బులు, మొగుడూపెళ్ళాల గొడవలు అన్నీ తెలుస్తాయి. వాటిని హోటల్ దగ్గర మాట్లాడే మనిషి ఎంత చదువుకున్నా మీకొద్దు. ఆధార్ జిరాక్సులు మీ దగ్గర ఉంచుకోకండి. ఓటీపీలు అడగకండి.

ప్రశ్న: మేము ఉచితంగా రాస్తే కలెక్టరేట్ బయట అర్జీలు రాసి బతికేవాళ్ళ పొట్ట కొట్టినట్టు కాదా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఈ ఆలోచన వచ్చినందుకే మీరంటే గౌరవం కలిగింది. చెట్టు కింద అట్ట మీద కాగితం పెట్టుకుని రాసేవాళ్ళలో ఏ సెక్షన్‌లో ఏ కాగితం ఆగుతుందో చెప్పగలిగేవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకరిని పిలిచి, మీ పిల్లలకు రెండు పూటలు నేర్పించమనండి. దానికి డబ్బు ఇవ్వండి. అమ్మకం దస్తావేజులు, వీలునామాలు, లాయరు నోటీసులు మాత్రం మీ బల్ల మీద పెట్టుకోవద్దు. కోర్టు అవసరమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపండి. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది. ఫోన్ నంబరు 15100.

ప్రశ్న: మేడమ్, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా వీధిలో అందరూ నా చేత రాయించుకుంటారు. తప్పు రాస్తే వాళ్ళ పని చెడిపోతుందేమోనని టెన్షన్.
– ఒక విద్యార్థిని, ఏలూరు

జవాబు: చదివి వినిపించడం మానకు తల్లీ, సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. ఇంకో సంగతి విను. రాయడం రానివాళ్ళ భారమంతా నీ ఒక్కదాని మీద లేదు. సమాచార హక్కు చట్టం 2005లో 6వ సెక్షన్ చూడు. రాయలేని మనిషి నోటితో అడిగితే దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయం చేయాల్సింది ఆ ఆఫీసులోని సమాచార అధికారే. ఎందుకు అడుగుతున్నావో కారణం చెప్పనక్కర్లేదు. మన దగ్గర గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. పోలీస్ స్టేషన్‌లోనూ రాసుకునే బాధ్యత అక్కడివాళ్ళదే. కేసు కట్టదగిన నేరం గురించి నోటితో చెప్పినా వాళ్ళు రాసుకుని, చదివి వినిపించి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మీ వీధివాళ్ళతో పాటు వెళ్ళి, ఈ మాట అడగడం వాళ్ళకు నేర్పు. ఇక మీ వీధిలో నేర్చుకోవాలన్న ఆశ ఉన్న ముసలమ్మలుంటే ముందు సంతకం నేర్పించు. బ్యాంకులో స్టాంపు ప్యాడ్ మీద వేలు పెట్టే అవసరం తప్పితే వాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో నేను చూశాను.

ప్రశ్న: ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడితే తెలుగులో టైపవుతోంది కదా. ఇంకా ఈ బల్లలు, మనుషులు ఎందుకు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వాడండి, మా పిల్లలూ వాడుతున్నారు. నేను పైన చెప్పిన వితంతువు ఫోన్‌తో మాట్లాడి ఉంటే కూతురి పెళ్ళి కథంతా చక్కగా టైపయ్యేది. భర్త పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉందని పట్టుకుని, "అమ్మా, ఆ రెండు కాగితాలు ఒకసారి చూపించు" అని అడగడానికి మాత్రం మనిషి కావాల్సి వచ్చింది. మీకు ఆదివారం తీరిక ఉంటే, ఫోన్ పట్టుకునే మీ దగ్గరి గ్రంథాలయానికి వెళ్ళి కూర్చోండి.