పొడవు సరిపోయిందని బూట్లు కొనేయకండి

సైకిల్ ఫిట్టింగ్ నా వృత్తి. సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం గురించి అడిగేవాళ్లే ఎక్కువ. ఈసారి మాత్రం ఉత్తరాలన్నీ కాళ్ల దగ్గరికే వచ్చాయి. నాకు సంతోషమే. బూటు సరిగ్గా లేకపోతే మిగతా కొలతలు ఎంత సరిచేసినా మనిషికి సుఖం ఉండదు.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శని, ఆదివారాలు నార్సింగి నుంచి కొల్లూరు దాకా సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద తొక్కుతుంటాను. చలికాలంలో 200 కిలోమీటర్ల బ్రెవె (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) చేయాలని ఉంది. ఆన్‌లైన్‌లో 42 సైజు రోడ్ సైక్లింగ్ బూట్లు కొన్నాను. కొంత దూరం పోయేసరికి చిటికెన వేలు మంట పుట్టేది. వాటిని మార్చి 43 తీసుకున్నాను. ఇప్పుడు మడమ లేస్తోంది, పైగా వేళ్లు మొద్దుబారుతున్నాయి. 44 తీసుకోమంటారా?
ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 44 వద్దండీ. మీరు రాసినదాన్ని బట్టి 43 కూడా మీ సైజు కాదు. మీ పాదం పొడవు 42కే సరిపోతుంది, కాకపోతే వెడల్పు ఎక్కువ.

యూరప్ సైజుల్లో ఒక నంబరు పెరిగితే పొడవు 6.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పు సుమారు రెండు మిల్లీమీటర్లు పెరిగితే గొప్ప. మీకు కావలసింది వెడల్పు, మీరు కొన్నది పొడవు. ఆ పొడవు కొత్త చిక్కులు తెచ్చింది. సోల్ కింద క్లీట్ (బూటును పెడల్‌కు పట్టించే బిళ్ల) బిగించే రంధ్రాలు ఆ సైజు పాదాన్ని లెక్కలో పెట్టుకుని వేస్తారు. బూటు పెద్దదైతే అవి ముందుకు జరుగుతాయి. దాంతో క్లీట్ మీ వేళ్ల వైపు పోయి, తొక్కే బరువంతా అక్కడ పడుతోంది. మడమ లేస్తోందని మీరు బూటు పట్టీని బిగించే డయల్ ఇంకాస్త తిప్పి ఉంటారు, అందరూ చేసేది అదే. పాదం పైభాగంలో నరాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి. వాటిని పట్టీ నొక్కేస్తే వేళ్లు మొద్దుబారక ఏమవుతాయి?

ఎవరైనా ఫిట్టింగ్‌కి వస్తే నేను ముందు బూట్లు విప్పించి లోపలి ఇన్‌సోల్ బయటికి లాగుతాను. కొన్నాళ్లు వాడిన ఇన్‌సోల్ మీద చెమటకు నల్లబడిన వేళ్ల అచ్చులు ఉంటాయి. ఐదూ నిండుగా కనబడాలి. చాలామందికి నాలుగే నిండుగా ఉంటాయి, చిటికెన వేలి అచ్చు సగం అంచు దాటి పోయి ఉంటుంది. మీ పాత 42 బూట్లు తిరిగి ఇచ్చేశారు కాబట్టి ఇప్పుడున్న 43 ఇన్‌సోల్ తీసి నేల మీద పెట్టి, దాని మీద రెండు కాళ్ల బరువూ వేసి నిలబడండి. మడమ వెనక అంచుకు ఆనాలి. ముందు వేలెడు కంటే ఎక్కువ ఖాళీ ఉండి, పక్కన మాత్రం చిటికెన వేలు బయటికి వచ్చిందంటే నేను చెప్పింది నిజమన్నమాట.

తర్వాత కొలతలు తీయండి. సాయంత్రం పూట, వీలైతే తొక్కి వచ్చిన వెంటనే. పొద్దుటి పాదం, సాయంత్రం పాదం ఒకటి కావు. మన ఎండల్లో రెండు మూడు గంటలు తొక్కాక ఇంకా ఉబ్బుతాయి. గోడకు మడమ ఆనించి, కాగితం మీద నిలబడి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని ఇంకెవరిచేతనైనా గీయించండి. మీరే వంగి గీసుకుంటే బరువు మారిపోయి కొలత తప్పుతుంది. పొడవు, వేళ్ల మొదళ్ల దగ్గర అన్నిటికంటే వెడల్పైన చోటు, రెండూ మిల్లీమీటర్లలో రాసుకోండి. రెండు పాదాలకూ తీయండి, తేడా ఉంటే పెద్ద పాదాన్ని బట్టి కొనాలి. ఈ రెండు అంకెలనూ కంపెనీ సైజుల పట్టికతో పోల్చండి. షిమానోలో కొన్ని మోడళ్లకు అదే నంబరులో వైడ్ రకం విడిగా దొరుకుతుంది. లేక్ కంపెనీకి వెడల్పు బూట్ల విషయంలో మంచి పేరుంది. ఇటాలియన్ బూట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ ముందు భాగం చాలావరకు సన్నం. మీలాంటి పాదానికి నేను సిఫారసు చేయను.

బూట్లు ఇంటికి వచ్చాక క్లీట్లు బిగించకుండానే తొడుక్కుని చూడండి. ఒకసారి బిగిస్తే సోల్ మీద గాట్లు పడి వాపసు తీసుకోరు. తొక్కేటప్పుడు వేసుకునే సాక్సే వేసుకోండి. అరగంట కూర్చోండి, కాలు ఊపండి, మెట్టు అంచు మీద ముందు పాదం ఆనించి మడమ ఎత్తి చూడండి. మడమ కదలకూడదు. వేళ్లు లోపల ఆడాలి. పరుగు బూట్లలో వదిలినంత ఖాళీ ఇక్కడ అక్కర్లేదు, బొటనవేలి ముందు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు లోపు చాలు. ‘వాడగా వాడగా సాగుతాయిలే’ అని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి. గట్టి సోల్ సాగదు, ఈ కాలపు సింథటిక్ తోలూ పెద్దగా సాగదు.

ఇది మీ ఒక్కరి ఇబ్బంది అనుకోకండి. మనం చెప్పులతో, ఉత్తి కాళ్లతో పెరిగినవాళ్లం, వేళ్లు విచ్చుకుని ఉంటాయి. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలను 3డీ స్కానర్లతో కొలిచింది. మనవి వెడల్పు పాదాలని తేల్చి, ‘భా’ అనే కొత్త కొలతల పద్ధతిని ప్రతిపాదించింది. సైక్లింగ్ బూట్లేమో ఇప్పటికీ యూరప్ అచ్చుల మీదే వస్తున్నాయి. అందుకే తప్పు మీ పాదానిది కాదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక బ్రెవె సంగతి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు ఉంటుంది. దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర, అంటే మీరు వచ్చినట్టు నమోదు చేసే చోట్ల, ఆగాలి, పెట్రోలు బంకులో, టీ కొట్టు దగ్గర దిగి నడవాలి. మూడు బోల్టుల రోడ్డు క్లీట్లు ఆ పనికి రావు. అవి రేసులవాళ్ల కోసం పుట్టినవి. 1985లో ఫ్రాన్స్ రేసరు బెర్నార్ ఇనో, క్లీట్‌ను పట్టుకునే లుక్ కంపెనీ పెడల్స్‌తో టూర్ డి ఫ్రాన్స్ రేసు గెలిచాక ఆ పద్ధతి రేసుల నిండా పాకింది. రేసులో దిగి నడిచే పని ఉండదు. కొండదారుల్లో తొక్కేవాళ్లు దిగి నడవక తప్పదు గనక, 1990లో షిమానో వాళ్లకోసం రెండు బోల్టుల క్లీట్ ఉండే ఎస్పీడీ పెడల్ పద్ధతి తెచ్చింది. ఆ క్లీట్ చిన్నది, ఇనుముది, సోల్ గాడిలోకి అణిగి ఉంటుంది. మీరు ఎలాగూ బూట్లు మార్చాలి కాబట్టి పెడల్స్ కూడా దీనికే మార్చేయండి. సోల్ మాత్రం గట్టిగా ఉన్నది చూసుకోండి. మెత్తటి సోల్ అయితే ఆ చిన్న క్లీట్ ఒత్తిడి అరికాల్లో ఒకేచోట గుచ్చుకుంటుంది.

బిగించేటప్పుడు బొటనవేలి మొదట్లో ఎముక బుడిపె ఎక్కడుందో, చిటికెన వేలి మొదట్లోది ఎక్కడుందో తడిమి బూటు మీద పెన్నుతో చుక్కలు పెట్టండి. క్లీట్ మధ్యభాగం ఆ రెండు చుక్కల నడుమకు రావాలి. ఇంకా మొద్దుబారితే రెండేసి మిల్లీమీటర్లు మడమ వైపు జరుపుతూ చూడండి, ముందుకు మాత్రం వద్దు. తొక్కడం మొదలుపెట్టిన గంటకు ఒకసారి ఆగి ముందు పట్టీ వదులు చేయండి, పాదం ఉబ్బడానికి చోటు దొరుకుతుంది. ఇవన్నీ చేశాక కూడా మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య కరెంటు కొట్టినట్టు ఉంటే ఎముకల డాక్టరుకు చూపించాలి. అక్కడ నరం గట్టిపడి ఉండొచ్చు.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని, వయసు 64. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. రోజూ పొద్దున్నే గోదావరి గట్టు మీద సైకిల్ తొక్కుతాను, ఇన్నాళ్లూ రబ్బరు చెప్పులతోనే. మా అబ్బాయి డల్లాస్ నుంచి వస్తూ సైక్లింగ్ బూట్లు తెచ్చాడు. వేసుకుంటే ఎక్కడా నొప్పి లేదు, హాయిగా ఉన్నాయి. మా ఆవిడ మాత్రం వద్దంటోంది. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, అమ్మగారి భయంలో న్యాయముంది. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గిపోవచ్చు. అప్పుడు బూటు కొరుకుతున్నా నొప్పి తెలియదు. ‘నొప్పి లేదు’ అన్న మీ మాట వేరేవాళ్లు రాస్తే సంతోషించేవాణ్ణి. మీ విషయంలో దాన్ని బట్టి తేల్చలేం. ముందు మీ డాక్టరు దగ్గర పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడా తాకి చూస్తారు, రెండు నిమిషాల పని.

ఈలోపు ఇంట్లోనే ఒక పరీక్ష. కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీయించి, గీత వెంట కత్తిరించండి. ఆ కాగితం పాదాన్ని బూటులో పరచండి. చదునుగా కూర్చుంటే వెడల్పు సరిపోయినట్టు. అంచులు ముడతపడితే బూటు ఇరుకు. అలాంటప్పుడు అబ్బాయి ఎంత ప్రేమగా తెచ్చినా వాడకండి, అతనికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పండి, నొచ్చుకోడు.

కాగితం చదునుగా కూర్చుంది, డాక్టరూ సరేనన్నారు అనుకుందాం. అయినా క్లీట్లు వద్దు, మామూలు పెడల్స్ మీదే తొక్కండి. రోజూ తొడిగే ముందు బూటు లోపల చేయి పెట్టి తడమండి, ఒక ఇసుక రాయి, లేచిన కుట్టు, మడతపడ్డ ఇన్‌సోల్ చాలు పుండు పడడానికి. మొదటివారం పావుగంట మించి తొక్కకండి. రాగానే సాక్స్ విప్పి అరికాలు, వేళ్ల సందులు, మడమ వెనక చూసుకోండి. వంగలేకపోతే అద్దం పెట్టుకోండి, లేదా అమ్మగారిని చూడమనండి. ఎర్రబడిన చోటు అరగంటలో మామూలు కాకపోతే ఆ బూట్లు పక్కన పెట్టేయాలి. పొక్కు కనిపిస్తే గిల్లకుండా డాక్టరుకు చూపించండి. ఇక రబ్బరు చెప్పులు కూడా మానేయండి. పట్టీ వేళ్ల మధ్య ఒరుసుకుంటుంది, పైగా పెడల్ మీద కాలు జారితే వేళ్లకు అడ్డు ఏమీ ఉండదు.

ప్రశ్న: బ్యాంకులో పని చేస్తాను. ఆఫీసుకు రానుపోను ఎనిమిది కిలోమీటర్లు సైకిల్ మీదే. నా పాదం 22.5 సెంటీమీటర్లు. షాపులో మగవాళ్ల 39 చూపించి, మందం సాక్స్ రెండు జతలు వేసుకోమన్నారు. పెడల్‌కు బిగిసే క్లిప్ బూట్లు లేకపోతే కుదరదా?
ఒక సోదరి, విజయవాడ

జవాబు: కుదరకపోవడమేంటమ్మా, హాయిగా కుదురుతుంది. సిగ్నల్ సిగ్నల్‌కీ కాలు కింద పెట్టాల్సిన ఊరి ట్రాఫిక్‌లో ఎనిమిది కిలోమీటర్లకు క్లీట్లు అనవసరమైన టెన్షన్. కాస్త గట్టి సోల్ ఉన్న మామూలు లేసుల బూట్లు, పట్టు కోసం చిన్న పిన్నులున్న వెడల్పు పెడల్స్ చాలు. లేసు కొసలు లోపలికి దోపుకోండి, చైన్లో పడతాయి. ఆ 39 మాత్రం ఎవరు ఎంత తగ్గించి ఇస్తామన్నా తీసుకోకండి. రెండు జతల సాక్స్ లోపల పాదం జారుతుంది, చెమటకు పొక్కులొస్తాయి. మున్ముందు దూరాలు తొక్కాలనిపిస్తే ఆడవాళ్ల మోడళ్లలో 36 నంబరు దొరుకుతుంది, ఆర్డర్ మీద తెప్పించమని గట్టిగా అడగండి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. రేసుల వీడియోలు చూసి క్లీట్ బూట్లు కావాలంటున్నాడు. రెండేళ్లు పనికొస్తాయని రెండు సైజులు పెద్దవి కొననా?
ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: స్కూలు బూట్లలాగా పెద్దవి కొనే పద్ధతి ఇక్కడ పనికిరాదండీ. బూటు వదులుగా ఉంటే క్లీట్ తప్పుచోట పడి మోకాలు నొప్పి వస్తుంది, ఆపదలో కాలు తిప్పి విడిపించుకోవడమూ కష్టమే. పాదం ఎదగడం ఆగేదాకా మామూలు పెడల్స్ మీద తొక్కనివ్వండి. కోచ్ దగ్గర చేర్చి నిజంగా రేసుల్లో దింపుతుంటే అప్పుడు సరిపోయే సైజులోనే, రెండు బోల్టులవి, వాడిన జతైనా సరే చూడండి. పెద్ద పిల్లలకు చిన్నవైపోయిన బూట్లు సైక్లింగ్ గ్రూపుల్లో తరచూ అమ్మకానికి వస్తుంటాయి. పెడల్ స్ప్రింగు బిగింపు బాగా తగ్గించి, ముందు గోడ పట్టుకుని, ఆ తర్వాత ఖాళీ మైదానంలో విడిపించుకోవడం అలవాటు చేయించాకే రోడ్డెక్కనివ్వండి.