నైజీరియా వాళ్ళు ఆపరేషన్ కోసం హైదరాబాద్ రావాలంటే ఏ వీసా కావాలి? మన ఇంట్లో ఉంచుకోవచ్చా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: మీరు లాగోస్‌లో ఉద్యోగం చేస్తున్నారు. మీతో పనిచేసే నైజీరియా ఆయన వాళ్ళమ్మకి గుండె ఆపరేషన్ హైదరాబాద్‌లో చేయించాలనుకుంటున్నాడు. టూరిస్టు వీసా తొందరగా వస్తుందని ఎవరో చెప్పారట, దాని మీద వెళ్ళిపోవచ్చా? ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు చూపే కార్డు నిజంగా చూస్తారా? కూకట్‌పల్లిలో మీ ఇంట్లో ఉంచితే మీవాళ్ళకేమైనా ఇబ్బందా?

ఇదే పని నేను 2023లో చేశాను కాబట్టి రాస్తున్నాను. అప్పుడు లాగోస్‌లోని ఇకేజాలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. మా స్టోర్ కీపర్ వాళ్ళమ్మకి 67 ఏళ్ళు, గుండె కవాటం మార్చాలన్నారు. అతను నన్ను అక్కడి అలవాటు ప్రకారం "ఓగా" అని పిలుస్తాడు. ఒకరోజు మధ్యాహ్నం కాగితాల కట్ట నా టేబుల్ మీద పెట్టి, "ఓగా, మీ ఊళ్ళోనే చేయిస్తాను, దారి చెప్పండి" అన్నాడు. నేను గొప్పగా "నో వహాలా" అనేశాను, అంటే ఏ గొడవా లేదని. తర్వాత రెండు నెలలు నాకున్నదంతా వహాలాయే.

ముందు టూరిస్టు వీసా సంగతి. వద్దు. ఆపరేషన్ అని ముందే తెలిసి, ఆసుపత్రితో మాట్లాడుకుని, చూడటానికి వస్తున్నామని రాస్తే అది అబద్ధం కిందికే వస్తుంది. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు పాస్‌పోర్టుతో పాటు వీసా కాపీ కూడా తీసుకుంటారు. ఏ కారణం వల్లైనా ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే అప్పుడు తల పట్టుకోవాలి. అమ్మకి మెడికల్ వీసా, తోడు వచ్చేవాళ్ళకి మెడికల్ అటెండెంట్ వీసా అడగాలి. ఒక రోగికి ఇద్దరు అటెండెంట్ల వరకు ఇస్తారు, వాళ్ళు దగ్గరి బంధువులై ఉండాలి. మా స్టోర్ కీపర్ ముందు వాళ్ళ చర్చి పాస్టర్‌ని కూడా తీసుకొస్తానన్నాడు. కుదరదని చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. చివరికి అతను, వాళ్ళ చెల్లెలు వచ్చారు.

ఈ-వీసా విషయానికొస్తే, అర్హత ఉన్న దేశాల జాబితా మారుతూ ఉంటుంది. దరఖాస్తు చేసే రోజున భారత ప్రభుత్వ సైట్‌లోనే జాతీయత దగ్గర నైజీరియా వస్తోందో లేదో చూసుకోండి. అడ్రసు చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉండాలి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు బోలెడున్నాయి, ఫీజు రెండింతలు మూడింతలు లాగుతాయి. మేం పాస్‌పోర్టులో అంటించే స్టిక్కర్ వీసాకే వెళ్ళాం. ఆన్‌లైన్‌లో ఫారం నింపి, ప్రింటు తీసి సంతకం చేసి, లాగోస్‌లో ఇచ్చాం. హై కమిషన్ అబుజాలో ఉన్నా లాగోస్‌లోనూ దాని ఆఫీసు ఉంది కాబట్టి అంత దూరం వెళ్ళే పని పడలేదు.

కాగితాలు మీరు ఊహించేవే. కనీసం ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉన్న పాస్‌పోర్టు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో రెండంగుళాల చదరం ఫోటో, అక్కడి డాక్టరు రాసిన రిపోర్టులు, ఇక్కడి ఆసుపత్రి ఇచ్చే లెటరు, బ్యాంకు స్టేట్‌మెంటు. ఇవన్నీ దొరుకుతాయి. అసలు చిక్కంతా ఒకదానితో ఒకటి సరిపోలకపోవడంలోనే.

పేరుతోనే మొదలైంది. పాస్‌పోర్టులో ఆవిడకి భర్త ఇంటిపేరు ఉంది. పాత మెడికల్ రిపోర్టుల్లో పుట్టింటి పేరు. హైదరాబాద్ ఆసుపత్రి వాళ్ళు మొదట పంపిన లెటర్లో ఇంటిపేరుని పేరు చేసి, పేరుని ఇంటిపేరు చేసి, మధ్యలో ఉన్న యోరుబా (వాళ్ళ భాష) పేరుని ఎగరగొట్టేశారు. మనకిది కొత్త కాదు కదా! ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ళు అమెరికా వీసా ఫారాల్లో పడే పాట్లు ఎన్ని చూశాం. అందుకే చూడగానే నాకు గుండెలో రాయి పడింది. లెటరు వెనక్కి పంపించి, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా టైపు చేయించాం, పాస్‌పోర్టు నంబరుతో సహా. అటెండెంట్లిద్దరి పేర్లు, ఆవిడకి ఏమవుతారో కూడా అదే లెటర్లో రాయించాం. పుట్టింటి పేరున్న రిపోర్టులకి తోడుగా పెళ్ళి సర్టిఫికెట్టు జతచేశాం. మీవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, అన్ని కాగితాలూ బల్ల మీద పరిచి, పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు వేలు పెట్టి చూసుకోండి. వీలైతే ఆ ఇంటివాళ్ళు కాకుండా బయటివాళ్ళెవరైనా చూడాలి, ఇంట్లోవాళ్ళ కంటికి తప్పు కనపడదు.

డబ్బు దగ్గర ఇంకో మెలిక. ఆ ఏడాది జూన్‌లో నైజీరియా కరెన్సీ నైరా విలువని మార్కెట్‌కి వదిలేశారు. అంతకుముందు 460 నైరాల దరిదాపుల్లో ఉన్న డాలరు కొన్ని వారాల్లోనే 750 దాటింది. ఆపరేషన్‌కి చాలనుకున్న డబ్బు చాలకుండా పోయింది. అతను "ఆజో" ఎత్తాడు. ఆజో అంటే అచ్చం మన చీటీయే, పదిమంది నెలనెలా వేసుకుని వంతులవారీగా ఎత్తుకోవడం. ఆ మొత్తం, చర్చివాళ్ళిచ్చింది, అతని అన్నగారు పంపింది అన్నీ పది రోజుల్లో ఖాతాలో పడ్డాయి. చూసేవాళ్ళకి అది అప్పటికప్పుడు అద్దెకి తెచ్చి చూపించిన డబ్బులా ఉంటుంది. అందుకని ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక పేజీలో రాసి, అన్నగారి లెటరు, మా కంపెనీ జీతం లెటరు పెట్టాం. అడగకముందే చెప్పడం మంచిదైంది, దాని మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఆసుపత్రి డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే పంపించమనండి. నగదు పట్టుకెళ్తే, అది 5,000 డాలర్లు దాటినప్పుడు ఇక్కడ దిగగానే కస్టమ్స్‌కి డిక్లరేషన్ ఇవ్వాలి. నైరా నోట్లు తెచ్చుకోవద్దనండి, మా స్టోర్ కీపర్ చెల్లెమ్మ తెచ్చుకున్నవి అమీర్‌పేటలో నాలుగు చోట్ల అడిగినా ఎవరూ మార్చలేదు.

ఫారంలో తల్లిదండ్రుల వివరాలు, ఇండియాలో తెలిసినవాళ్ళ పేరు, అడ్రసు, ఫోను అడుగుతారు. అక్కడ మా నాన్న పేరిచ్చాను. ఇచ్చేముందు ఆయనకి చెప్పాను. మీరూ చెప్పండి, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే పెద్దాయన "నాకెవరూ తెలీదు" అని పెట్టేస్తే అంతే సంగతులు.

ఇక ఎల్లో కార్డు. చూస్తారండీ, నిజంగా చూస్తారు. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ కంటే ముందే ఆరోగ్య శాఖ కౌంటర్ దగ్గర అడిగారు. నైజీరియా నుంచి వచ్చేవాళ్ళ దగ్గర అది లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. గుండె జబ్బు ఉన్న మనిషికి ఆరు రోజులు! ఈ నిబంధన వాళ్ళ కోసమే కాదు, మనకీ ఉంది. మనవాళ్ళు నైజీరియా వెళ్ళేముందు నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో లైను కట్టి వేయించుకునేది ఈ టీకానే. మీరూ వేయించుకునే ఉంటారు.

ఇక్కడే మేం బోల్తాపడ్డాం. టీకా వేసిన పది రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది. చెల్లెమ్మ ప్రయాణానికి ఎనిమిది రోజుల ముందు వేయించుకుని, "అయిపోయింది ఓగా" అని సంతోషంగా కార్డు ఫోటో పంపింది. తేదీ లెక్కపెట్టి చూస్తే రెండు రోజులు తక్కువ. ముగ్గురి టికెట్లూ మార్చాం, తేడా డబ్బు కట్టాం, ఆసుపత్రి అపాయింట్‌మెంటూ మార్చాం. తప్పు నాదే, ముందే చెప్పాల్సింది.

పెద్దావిడ కథ వేరు. 60 దాటినవాళ్ళకి ఆ టీకా కొత్తగా వేయాలంటే డాక్టర్‌ని అడక్కుండా వేయించకూడదు, ఇబ్బందులు వచ్చే అవకాశం వాళ్ళలో ఎక్కువ. ఈవిడకి గుండె జబ్బు కూడా ఉందాయె. అదృష్టం బాగుండి 2012లో జెరూసలేం యాత్రకి వెళ్ళినప్పుడు వేయించుకున్న కార్డు బైబిల్లో పెట్టి దాచుకుంది. కార్డు మీద పదేళ్ళ గడువని ఉంది, 2022తోనే తీరిపోయింది. కొడుకు కంగారుపడ్డాడు. కానీ 2016 జూలై 11 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనల ప్రకారం ఆ టీకా జీవితాంతం చెల్లుతుంది, పాత కార్డులకి కూడా వర్తిస్తుంది. అయినా కౌంటర్ దగ్గర వాదన ఎందుకని, ఆ పాత కార్డు చూపించి నైజీరియాలో 2019 నుంచి ఇస్తున్న క్యూఆర్ కోడ్ కార్డు తీసుకున్నాం. పాతదానిలో పాత పాస్‌పోర్టు నంబరుంది కాబట్టి ఆ పాత పాస్‌పోర్టు కూడా వెంట తెచ్చుకున్నారు. మీతో పనిచేసే ఆయన వాళ్ళమ్మ ఎప్పుడైనా హజ్‌కో జెరూసలేంకో వెళ్ళారేమో ముందు అడగమనండి. బీరువాలో కార్డు ఉండొచ్చు.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దోహా మీదుగా వచ్చారు, లాగోస్ నుంచి హైదరాబాద్ దాకా ఒకే టికెట్. చవకగా దొరికిందని రెండు ముక్కలుగా విడివిడి టికెట్లు కొంటే మధ్య దేశంలో బయటికొచ్చి మళ్ళీ చెకిన్ చేయాల్సి రావచ్చు, దానికి ఆ దేశం వీసా కావాల్సి ఉండొచ్చు. ఒకటి మాత్రం మర్చిపోవద్దు, మందులు. అక్కడ నొప్పులకి ట్రామడాల్ విరివిగా వాడతారు. మన దగ్గర 2018 నుంచి అది మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది. డాక్టర్ చీటీ లేకుండా పెట్టెలో ఏ మాత్రా వేసుకోవద్దనండి. చీటీ, ఆసుపత్రి లెటరు, ఎల్లో కార్డు మూడూ చేతిసంచిలోనే ఉండాలి. మేం వచ్చినప్పుడు దిగే ముందు కాగితం ఫారం నింపాల్సి వచ్చింది. ఇప్పుడు విదేశీయులు ఈ-అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, 2025 అక్టోబర్ 1 నుంచి వచ్చింది. దిగడానికి ముందు 72 గంటల లోపు నింపాలి, దానికి ఫీజు లేదు.

మీ ఇంట్లో ఉంచుకోవచ్చా అన్నారు. ఉంచుకోవచ్చు, కానీ మీవాళ్ళు చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లో విదేశీయులెవరైనా దిగితే 24 గంటల్లో ఆ సంగతి విదేశీయుల నమోదు కార్యాలయం ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకి ఆన్‌లైన్‌లో తెలపాలి. అందరూ ఫారం సీ అనేది దాన్నే. హోటళ్ళకే కాదు, మామూలు ఇళ్ళకీ వర్తిస్తుంది. పెద్దావిడ ఆసుపత్రిలో చేరింది కాబట్టి ఆవిడది ఆసుపత్రి వాళ్ళు పంపారు. మా ఇంట్లో ఉన్న అన్నాచెల్లెళ్ళది మా నాన్న పంపాలి. "మనింటికి పోలీసులొస్తారేంట్రా?" అన్నాడాయన మొదట. రారు నాన్నా, చెప్పకపోతేనే రావచ్చు అన్నాను. ఇంటి కరెంటు బిల్లు, ఆయన గుర్తింపు కార్డు, వచ్చినవాళ్ళ పాస్‌పోర్టు, వీసా పేజీలు దగ్గర పెట్టుకుని కూర్చున్నాం. మొదట యజమానిగా రిజిస్టర్ అవ్వాలి, దానికే టైం పడుతుంది. కాబట్టి వాళ్ళు విమానం ఎక్కకముందే ఆ ముక్క పూర్తిచేసి పెట్టుకోండి.

ఇల్లు అద్దెకి చూద్దామంటే మాత్రం ఓపిక కావాలి. మొదట ఆసుపత్రికి దగ్గరని ఒక ఫ్లాట్ మాట్లాడాం. ఫోన్లో అంతా ఓకే. మనుషుల్ని చూశాక ఓనరు "మా అల్లుడు వస్తున్నాడండీ" అన్నాడు. ఇంకో చోట అదే అల్లుడు వేరే పేరుతో వచ్చాడు. ఆఫ్రికా నుంచి వచ్చిన విద్యార్థులు, రోగులు చాలామంది టోలీచౌకి పారామౌంట్ కాలనీ వైపు ఉండటానికి ఇదీ ఒక కారణం. మా స్టోర్ కీపర్ ఏమీ అనలేదు, నాకే మొహం చెల్లలేదు. అందుకే మా ఇంటికి తీసుకొచ్చాం.

అనుకున్న తేదీకి ఆపరేషన్ జరగలేదు. పళ్ళలో ఇన్ఫెక్షన్ ఉందని ముందు అది తగ్గించాలన్నారు, మూడు వారాలు వెనక్కి పోయింది. వీసా గడువు దగ్గరపడింది. ఆ కార్యాలయం సైటు ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో పొడిగింపుకి పెట్టాం, డాక్టర్ లెటరు ఎన్ని రోజులు కావాలో స్పష్టంగా రాసి ఇచ్చారు కాబట్టి వచ్చింది. గడువు తీరకముందే పెట్టాలి, తీరాక పెడితే జరిమానా, తలనొప్పి. అమ్మతో పాటు అటెండెంట్లకి కూడా విడిగా పెట్టాలని మర్చిపోవద్దు. మేం మర్చిపోయేవాళ్ళమే, నాన్న గుర్తుచేశారు. ఫారం సీ తర్వాత ఆయనకి ఈ ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ వ్యవహారమంతా సొంత ఆఫీసు పనిలా అయిపోయింది లెండి.

ఆ మూడు వారాల్లో డాక్టరు ఇంటికి పంపించారు కాబట్టి పెద్దావిడ కూడా మా ఇంట్లోనే ఉంది (ఆవిడకి మళ్ళీ ఫారం సీ, ఈసారి మా అడ్రసు మీద). మా అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. అమ్మ ఒకరోజు అలసంద వడలు వేస్తే ఆవిడ ఒకటి కొరికి "అకారా!" అంది. వాళ్ళూ అలసందలు రుబ్బి అచ్చం అలాగే నూనెలో వేస్తారు. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ భాషతో పని పడలేదు.

చెల్లెమ్మ చేసిన పొరపాటు మీతో పనిచేసే ఆయన చేయకుండా, టికెట్ కొనకముందే టీకా తేదీలు చూడమనండి. ఆసుపత్రి లెటరు వచ్చాక పేర్లు సరిచూడటానికి ఎవరూ దొరక్కపోతే, పాస్‌పోర్టు నంబర్లు కొట్టేసి, పేర్లు మాత్రం కనపడేలా నాకు మెసేజ్‌లో పంపండి, చూసి చెప్తాను.