రాయడానికి వేళ కుదిరేదెలా?

ప్రశ్న: నేను ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు కథలు రాస్తుంటాను. ఊపు వచ్చినప్పుడు వారం రోజుల పాటు అర్ధరాత్రి దాకా కూర్చుని రాయగలను. ఆ తరువాత నెలల తరబడి ఒక్క వాక్యమూ కదలదు. సగంలో ఆగిపోయిన కథలు చాలా పోగుపడ్డాయి. ప్రతిరోజూ రాయాలని ఎన్నోసార్లు నిశ్చయించుకున్నాను గాని, రెండు రోజులు తప్పగానే ఇక నా వల్ల కాదనిపించి మానేస్తున్నాను. అసలు నాకు రాయాలనే తపన ఉందా అన్న అనుమానం కలుగుతోంది. రాయడం అలవాటుగా మారాలంటే ఏం చేయాలి?

జవాబు: తపన లేనివారు సగంలో ఆగిన కథలను దాచిపెట్టుకోరు, వాటి గురించి ఉత్తరమూ రాయరు. మీ ఇబ్బంది రాతను పూర్తిగా ఉత్సాహానికే వదిలేయడం వల్ల వచ్చిందని నాకు అనిపిస్తోంది. ఊపు వచ్చిన వారంలో ఉన్న శక్తినంతా ఖర్చు చేసి, అలసిపోయి, కథలో ఇక ఏం జరగాలో మీకే తెలియని చోట కలం పక్కన పెడుతున్నారు. మళ్లీ కూర్చుంటే ఎదురయ్యేది ఆ తెలియని చోటే గనుక, మనసు ఏదో ఒక వంకతో తప్పించుకుంటుంది.

అందువల్ల ముందుగా రోజు రాతను ముగించే తీరును మార్చుకోమంటాను. అమెరికన్ రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే, 1958లో అచ్చయిన ఒక ఇంటర్వ్యూలో, తరువాత ఏం జరగబోతోందో తెలిసి ఉన్న చోటనే ఆ రోజుకు ఆపుతానని చెప్పారు. రాయవలసింది ఇంకా మిగిలి ఉండగా లేవడం మొదట్లో కష్టంగానే ఉంటుంది. అయినా లేచే ముందు, రేపు మొదట రాయవలసిన సన్నివేశాన్ని ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోండి. ‘తల్లి ఉత్తరం చదివి చింపేస్తుంది, కూతురు తలుపు దగ్గర నిలబడి చూస్తుంది’ అన్నంత స్పష్టంగా ఉంటే చాలు. ‘కథ కొనసాగించాలి’ అని రాసుకుంటే మాత్రం అది మరునాడు మీకు ఏ విధంగానూ తోడ్పడదు.

ఇక వేళ విషయం. ఆంగ్ల నవలాకారుడు ఆంటొనీ ట్రోలోప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే డజన్ల కొద్దీ నవలలు రాశారు. తెల్లవారుజామున 5.30కే బల్ల ముందు కూర్చునేవాడినని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవాడినని, ఆయన మరణించాక 1883లో వెలువడిన ఆత్మకథలో స్వయంగా చెప్పుకున్నారు. ఈ లెక్క చూసి చాలామంది బెదిరిపోతారు. నాకు మాత్రం అందులో అంతకంటే విలువైనదిగా కనిపించేది మరొక వివరం: ఆయన మొదటి అరగంటను నిన్న రాసినదాన్ని చదువుకోవడానికే కేటాయించేవారు. కథ స్వరం చెవిలో పడ్డాకనే కొత్త వాక్యానికి పూనుకునేవారన్న మాట. మీకు అరగంట దొరకకపోతే చివరి పేజీ ఒక్కటైనా చదవండి, అయితే దాన్ని దిద్దడానికి కూర్చోకండి. చిత్తుప్రతి రాసే వేళలోనే దిద్దుబాటు కూడా మొదలుపెట్టినవారు మొదటి పేజీలోనే తిరుగుతూ ఉండిపోవడం నేను తరచుగా చూస్తున్నాను.

‘వీలున్నప్పుడు రాస్తాను’ అనుకునే బదులు, ‘ఉద్యోగం నుంచి వచ్చి ముఖం కడుక్కున్న వెంటనే ఈ కుర్చీలో కూర్చుంటాను’ అని, రోజూ తప్పక జరిగే ఒక పనికి రాతను ముడిపెట్టండి. పని ఎప్పుడు, ఎక్కడ మొదలవుతుందో ముందే నిర్ణయించుకున్నవారు దాన్ని నెరవేర్చే అవకాశం ఎక్కువని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి. మొదట్లో ఇరవై నిమిషాలకు మించి పెట్టుకోవద్దు. ఎన్ని పేజీలు రాశారన్న లెక్క కొన్నాళ్లు పక్కన పెట్టి, కూర్చున్నారా లేదా అన్నదే చూసుకోండి.

రెండు రోజులు తప్పితే అంతా పోయిందనుకోవడమే మీకు అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తోంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, అలవాటు స్థిరపడడానికి పట్టిన కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యస్థంగా అది 66 రోజులు. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడడం చెప్పుకోదగినంతగా దెబ్బతినలేదు. అక్కడ పరిశీలించినవి భోజనంతో పాటు పండు తినడం వంటి చిన్న పనులు గనుక, ఆ 66ను మీరు గడువుగా తీసుకోనక్కరలేదు. తప్పిన రోజుకు పరిహారంగా మరునాడు రెట్టింపు రాయాలని మాత్రం పూనుకోకండి. మిమ్మల్ని ఇన్నాళ్లూ అలసిపోయేలా చేసింది ఆ పద్ధతే.

ప్రశ్న: రాయడానికి తెల్లవారుజామే మంచిదని అందరూ అంటారు. నాకు రాత్రి పూటే ఆలోచనలు వస్తాయి. మార్చుకోవాలా?

జవాబు: అవసరం లేదు. ఫ్రాంజ్ కాఫ్కా పగలు బీమా సంస్థలో పనిచేసి రాత్రులు రాసేవారు. ‘తీర్పు’ అనే కథను 1912 సెప్టెంబరు 22 రాత్రి మొదలుపెట్టి తెల్లవారేసరికి పూర్తి చేశారు. నిద్ర చెడి మరునాటి పని పాడవకుండా ఉన్నంతకాలం మీ వేళ మీదే.

ప్రశ్న: పత్రికలకు పంపిన కథ తిరిగి వచ్చిన ప్రతిసారీ రాయడం ఆగిపోతోంది. ఉత్సాహాన్ని నిలుపుకునేదెలా?

జవాబు: కథ తిరిగి వస్తే బాధ కలుగుతుంది, ఎంత అనుభవం ఉన్నవారికైనా కలుగుతుంది. ఆ బాధ రాసే వేళలోకి రాకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. ఒక కథ పంపే ముందే తరువాతి కథలో కనీసం రెండు మూడు పేజీలు రాసి ఉంచుకోండి, జవాబు వచ్చేసరికి మీ మనసు వేరే మనుషుల మధ్య ఉంటుంది. కథలు పంపడానికి, జవాబులు చూసుకోవడానికి వారంలో ఒక రోజు విడిగా పెట్టుకోండి. తిరిగి వచ్చిన కథను వెంటనే తెరవకుండా కొన్ని వారాలు ఆగి, నమ్మకమైన పాఠకులు ఒకరికి ఇచ్చి, ఎక్కడ చదవబుద్ధి కాలేదో పెన్సిలుతో గీత పెట్టమనండి. బాగుందా లేదా అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబుతో ఏ పేజీనీ దిద్దలేం. గీత పడిన చోటు నుంచి దిద్దుబాటు మొదలుపెట్టవచ్చు, అదీ కొత్త కథకు కేటాయించిన వేళలో కాకుండా.